ఆ గడి ఎవరు గీశారు?

కాలేజీలో చేరిన రోజు ఇచ్చే దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ దాటాక వచ్చే గడుల దగ్గర నా పెన్ను ఆగింది. ఆడా మగా, మతం, వర్గం, మాతృభాష. ఒక్కోదానికి ఒక్క టిక్కే పెట్టాలి. నా పక్కనున్న అమ్మాయి ఒక గడిలో టిక్ పెట్టి, కొట్టేసి, కాసేపాగి మళ్లీ అదే గడిలో పెట్టింది. కాగితం అక్కడ కాస్త చిరిగింది. కౌంటర్‌లో ఉన్నాయన "ఏదో ఒకటి పెట్టమ్మా, ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదు" అన్నారు.

ఆ గడులు ఎప్పటినుంచో ఉన్నట్టే కనిపిస్తాయి. కానీ ఒక్కోదానికీ పుట్టిన సంవత్సరం ఉంది, గీసినవాళ్లున్నారు, గీయడానికి వాళ్లకో అవసరం ఉంది.

మాటల్లోనే చాలా చరిత్ర దాగుంది. కేటగిరీ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి మొదటి అర్థం కోర్టులో నేరం మోపడం. దాన్ని తత్వశాస్త్రంలోకి తెచ్చింది అరిస్టాటిల్. స్టిగ్మా అంటే ఒకప్పుడు బానిసల ఒంటిమీద, నేరస్తుల ఒంటిమీద వేసిన గుర్తు. స్టీరియోటైప్ అచ్చుపనివాళ్ల మాట: పేజీలోని అక్షరాలన్నిటినీ కలిపి ఒకే లోహపు పలకగా పోత పోయడం. మనుషుల గురించి మన తలలో ముందే పోత పోసి ఉన్న బొమ్మలకు 1922లో అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ ఆ మాట వాడాడు. నార్మల్‌కు మూలమైన లాటిన్ పదానికి అర్థం వడ్రంగి చేతిలోని మూలమట్టం.

ఆ మూలమట్టాన్ని మనుషుల మీద పెట్టి చూసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లేని. నక్షత్రాలను కొలిచేటప్పుడు వచ్చే తప్పులను సగటు తీసి సరిచేసే పద్ధతిని ఆయన జనానికి వర్తింపజేశాడు. 1835లో 'సగటు మనిషి'ని ప్రతిపాదించాడు. తర్వాత 5,738 మంది స్కాట్లాండ్ సైనికుల ఛాతీ కొలతల మీద లెక్క వేశాడు. సగటే ఆయనకు ఆదర్శం. సగటుకు దూరంగా ఉన్నవాళ్లు నక్షత్రం లెక్కలో దొర్లిన తప్పులాంటివాళ్లు. 'అందరిలా ఎందుకుండవు?' అనే ప్రశ్న వెనక ఆ లెక్క ఇప్పటికీ ఉందని నాకనిపిస్తుంది.

ప్రభుత్వాల చేతికి వచ్చేసరికి గడి బలం పెరిగింది. 1790లో అమెరికా తొలి జనాభా లెక్క స్వేచ్ఛ ఉన్న తెల్లవాళ్లు, స్వేచ్ఛ ఉన్న ఇతరులు, బానిసలు అని జనాన్ని విడదీసింది. మన దేశంలో 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని సమూహాల్లో పుట్టిన బిడ్డను పుట్టుకతోనే నేరస్తుల జాబితాలో వేసింది. ఊరు దాటాలంటే అనుమతి, పోలీసుల ముందు హాజరు. 1952లో చట్టం పోయింది. ఆ సమూహాలను ఇప్పుడు విముక్త జాతులంటున్నారు. అంటే ముద్ర తీసేశాక వచ్చిన పేరు కూడా ఆ ముద్రనే గుర్తుచేస్తోంది.

దక్షిణాఫ్రికాలో 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి గడి కేటాయించింది. అనుమానం వస్తే అధికారులు జుట్టులో పెన్సిల్ గుచ్చేవాళ్లు. జారిపడితే తెల్లవాళ్లు, ఇరుక్కుపోతే కాదు. 1966లో తెల్ల తల్లిదండ్రులకు పుట్టిన పదేళ్ల పాప ఒంటి రంగు, జుట్టు చూసి స్కూలు హాస్టల్ నుంచి బయటికి పంపేశారు. కాగితాల్లో ఆమెను 'కలర్డ్' (మిశ్రమ జాతి) అని మార్చారు. 1967లో చట్టాన్ని సవరించాక మళ్లీ తెల్లపిల్ల అన్నారు. రెండేళ్లు తిరక్కుండా గడి రెండుసార్లు మారింది, పాప మాత్రం ఆ పాపే. ఆ చట్టం 1991 దాకా బతికింది.

రువాండాలో బెల్జియం పాలకులు 1930లలో గుర్తింపు కార్డు మీద హుటు, టుట్సీ, ట్వా అని మనిషి ఏ సమూహమో రాయించారు. 1994 నరమేధంలో హుటు తీవ్రవాదులు రోడ్లమీద అడ్డుకట్టలు వేసి ఆ కార్డులే అడిగారు. టుట్సీ అని ఉన్నవాళ్లను అక్కడే చంపారు.

ఇంతకీ ఒక గీత గీస్తే చాలు, మనసు ఇటూ అటూ ఎందుకు చీలిపోతుంది? దీన్ని పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ తజ్‌ఫెల్ కథ నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది. పోలండ్‌లో పుట్టిన ఈ యూదు యువకుడు ఫ్రాన్స్‌లో చదువుకుంటుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రెంచ్ సైన్యంలో చేరి జర్మన్లకు పట్టుబడ్డాడు. యూదుణ్నని ఒప్పుకున్నాడు కానీ పోలండ్ వాడినని చెప్పలేదు. చెబితే చావే. కాపలావాళ్లతో ఎంత మంచిగా ఉన్నా ఆ ఒక్క మాటతో అంతా అయిపోతుందని ఆయనకు తెలుసు. బతికి బయటపడేసరికి ఇంట్లోవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు.

ఆయనే 1970 ప్రాంతంలో బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల కుర్రాళ్లకు క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించాడు. నచ్చినదాన్ని బట్టి రెండు గుంపులు చేశామన్నాడు. నిజానికి గుడ్డిగా విడదీశారు. తమది ఏ గుంపో, డబ్బు అందుకునేవాళ్లది ఏ గుంపో తెలుసు కానీ ఆ అందుకునేది ఎవరో తెలియదు, తమకంటూ ఏమీ రాదు. మిగతావాళ్లకు కొద్దిపాటి డబ్బు పంచమంటే తమ గుంపువాళ్లకే మొగ్గారు. తమవాళ్లకు కాస్త తగ్గినా ఫర్వాలేదు, అవతలివాళ్ల కంటే తేడా ఎక్కువుండాలన్నట్టు పంచినవాళ్లూ ఉన్నారు. ఈ మాట చదివినప్పుడు హాస్టల్ మెస్‌లో నేనెప్పుడూ ఏ టేబుల్ దగ్గర కూర్చుంటానో గుర్తొచ్చి కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

గడిని ప్రశ్నించి గెలిచినవాళ్లూ ఉన్నారు. స్వలింగ ప్రేమను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో మానసిక రోగాల జాబితా నుంచి తీసేశాయి. 2000 జనాభా లెక్కలో అమెరికా తొలిసారి ఒకటికంటే ఎక్కువ జాతులకు టిక్ పెట్టనిచ్చింది. దాదాపు 68 లక్షల మంది అలా పెట్టారు.

అలాగని గడులన్నీ చెరిపేద్దామంటే నేను ఒప్పుకోను. 1976లో అమెరికాలో ఒక కార్ల కంపెనీ మీద ఐదుగురు నల్లజాతి మహిళలు వేసిన కేసు చూడండి. కంపెనీలో నల్లవాళ్లున్నారు, వాళ్లు మగవాళ్లు. ఆడవాళ్లున్నారు, వాళ్లు తెల్లవాళ్లు. జాతి వివక్ష, లింగ వివక్ష రెండూ కలిపి చూడడం కుదరదని కోర్టు తోసిపుచ్చింది. వీళ్లకు సరిపోయే గడే లేదు కాబట్టి జరిగిన అన్యాయం ఎవరికీ కనబడలేదు. న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్‌షా 1989లో దీన్ని విడమర్చి రాసి, రెండు వివక్షలూ కలిసే ఆ కూడలికి ఇంటర్‌సెక్షనాలిటీ అని పేరు పెట్టారు. లెక్కలోకి రానివాళ్ల బాధ ఫైలులోకీ రాదు. ఎవరి మీదో రుద్దిన పేరుకూ, తమ హక్కు కోసం జనం తామే ఎత్తుకున్న పేరుకూ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఈ ఏడాది మా క్లాసువాళ్లం ఫారం నింపే ముందు ఆఫీసుకు ఒక చిన్న లెటర్ ఇచ్చాం. ఈ వివరం ఎందుకు అడుగుతున్నారు, ఎవరెవరు చూస్తారు, ఎన్నాళ్లు దాచి ఉంచుతారు అని మూడే ప్రశ్నలు. మొదటి రెండింటికీ నోటీసు బోర్డులో జవాబు పెట్టారు. మూడోదాని కోసం ఎదురుచూస్తున్నాం.