ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీటరు దాకా

బెంగళూరు

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

మన వీధి మలుపులో కాలిబాటను ఆనుకొని ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అపార్ట్‌మెంటు మీటర్ల గదికి వచ్చే కేబుల్ అంత లావుగా ఎందుకుందని మొన్న అడిగారు. కరెంటు ఎక్కువైతే తీగ వేడెక్కుతుందని, అందుకే లావు తీగ కావాలని మీరు బడిలో చదువుకొనే ఉంటారు. ఈ కేబుల్ విషయంలో అంతకన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది.

మీ గదిలోని ప్లగ్గుకు వెళ్ళే వైరు ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్) దగ్గర మొదలవుతుంది కాబట్టి, దాని పొడవునా ఎక్కడ షార్టయినా వెనకనున్న ఎంసీబీ పడిపోతుంది. వీధి నుంచి వచ్చే తీగకు అటువంటి కాపలా అది మొదలయ్యే చోట లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు ఉంటాయి గాని, అవి వీధి మొత్తానికి సరిపడే పెద్దవి. మన తీగ కాపలాదారు మన మెయిన్ స్విచ్, అది ఉండేది తీగ చివర. అది తీగనెలా కాపాడుతుందని మీకు సందేహం రావచ్చు. ఇంట్లో వాడకం పెరిగితే ఆ కరెంటంతా ఆ తీగలోంచే వచ్చి ఆ స్విచ్‌లోంచే పోతుంది కాబట్టి, హద్దు మీరగానే స్విచ్ పడి తీగను కూడా కాపాడుతుంది. అందుకే తీగ మోయగల కరెంటు మెయిన్ స్విచ్ రేటింగు కన్నా తక్కువ కాకూడదు.

స్విచ్‌కు ముందే తీగ దెబ్బతిని షార్టయితే మాత్రం ఆ స్విచ్‌కు ఏమీ తెలియదు. 250 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత), 433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడులో ఇచ్చేది సుమారు 333 ఆంపియర్లు. దాని ఇంపీడెన్సు (కరెంటును అడ్డుకొనే గుణం) 4.5 శాతమైతే, దాని టెర్మినళ్ళ దగ్గరే షార్టయినప్పుడు 7,400 ఆంపియర్ల దాకా పారుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల పీవీసీ అల్యూమినియం తీగ 760 ఆంపియర్లను ఒక్క సెకను మాత్రమే ఓర్చుకోగలదు. 3,000 ఆంపియర్లైతే సెకనులో పదిహేనో వంతు కూడా ఆగదు. వీధి ఫ్యూజు అంత వేగంగా తెగుతుందన్న భరోసా లేదు. అందుకే ఈ తీగ భవనం లోపల దూరం పోకుండా, బయటి నుంచి ప్రవేశించిన చోటికి వీలైనంత దగ్గరలో మెయిన్ స్విచ్ పెట్టాలి. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ దీన్నే నియమంగా చెబుతుంది. 2020 సంచిక నుంచి ఒకటి, రెండు కుటుంబాలుండే ఇళ్ళకు ఆరుబయట అత్యవసర స్విచ్ కూడా తప్పనిసరి చేసింది.

అదే కోడ్ ఒక కుటుంబం ఉండే ఇంటికి, మొత్తం లోడు ఒకే తీగలో వస్తుంటే, తీగ సామర్థ్యం మెయిన్ రేటింగులో 83 శాతం ఉన్నా చాలంటుంది. 200 ఆంపియర్ల మెయిన్‌కు 166 ఆంపియర్ల తీగ సరిపోతుందన్నమాట. ఇంట్లో అన్నీ ఒకేసారి నడవవన్న అనుభవం మీద ఇచ్చిన సడలింపు అది. దాన్ని తెచ్చి మన అపార్ట్‌మెంటుకు అంటించకూడదు.

ఏ సైజు కేబుల్ ఎన్ని ఆంపియర్లు మోయగలదో చెప్పే మన పట్టికలు గాలి వేడి 40 డిగ్రీలు, నేల వేడి 30 డిగ్రీలు అనుకొని రాసినవి. బెంగళూరు చల్లని ఊరే కదా అని కేబుల్ సైజు తగ్గించే వారున్నారు. అయితే ఒకే ట్రేలో ఆరు కేబుళ్ళు ఆనుకొని ఉంటే ఒకదాని వేడి మరొకదానికి తగులుతుంది కనుక, పట్టిక చెప్పిన ఆంపియర్లలో కొంత కోత పెట్టవలసిందే.

కరెంటు తిరిగి వెళ్ళే తీగ అయిన న్యూట్రల్ గురించి కూడా చెప్పాలి. కరెంటు తెచ్చే తీగలైన ఫేజులకు ఫ్యూజులు పెట్టినా న్యూట్రల్‌కు పెట్టకూడదని మన దేశ నిబంధన. న్యూట్రల్ తెగితే, వేర్వేరు ఫేజుల మీదున్న రెండిళ్ళు వరుసగా కలిసి 400 వోల్టులను పంచుకుంటాయి. తక్కువ వాడే ఇంటికి ఎక్కువ వోల్టులు పడి, టీవీలు, ఫ్రిజ్జులు కాలిపోతాయి. మూడున్నర కోర్ల (కోర్ అంటే కేబుల్ లోపలి ఒక్కో తీగ) కేబుల్‌లో న్యూట్రల్ ఫేజు తీగలో సగం లావే ఉంటుంది. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు ఎక్కువగా ఉన్నచోట మూడు ఫేజులూ సమంగా ఉన్నా న్యూట్రల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది కాబట్టి, అలాంటి భవనానికి నాలుగు పూర్తి కోర్ల కేబులే వేయించాలని నేను గట్టిగా కోరతాను.

ఇట్లు,
మీ తాతయ్య