33 మందిలో ఒక్కరికే ఎందుకు పనిచేసింది?

ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి వదిలే చికిత్స) మాట రాగానే అమెరికా అధ్యక్షుడిగా చేసిన జిమ్మీ కార్టర్ పేరు చెప్తారు. 2015లో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) మెదడుకు పాకిందని తేలిన ఆయనకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే ఆ డిసెంబరుకల్లా స్కాన్‌లో గడ్డలు కనిపించలేదు (రేడియేషన్ కూడా ఇచ్చారు, ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు). అదే మందు క్లోమం క్యాన్సర్‌లో ఎక్కువమందికి పనిచేయదు.

అసలు ఈ మందు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. రోగాలతో పోరాడే మన టి కణాలకు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పుట్టుకతోనే బ్రేకులుంటాయి, లేకపోతే అవి సొంత ఒంటి మీదే పడతాయి. వాటిలో ఒకటి పీడీ-1, పెంబ్రోలిజుమాబ్ అడ్డుకునేది దీన్నే; దాన్ని 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం కనిపెట్టింది. ఇంకో బ్రేకు సీటీఎల్‌ఏ-4ని అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు కరుగుతాయని 1996లో అమెరికాలో జేమ్స్ అలిసన్ చూపించారు. ఇద్దరికీ 2018లో నోబెల్ వచ్చింది. అంటే ఈ మందులు చేసేది బ్రేకు తీయడమే. మరి బండే, అంటే కణితిని గుర్తుపట్టే టి కణమే, లేనిచోట బ్రేకు తీసి ఏం లాభం?

ఈ సంగతి బాగా తెలిసొచ్చింది పెద్దపేగు క్యాన్సర్‌తో. పీడీ-1 మందుల తొలి ట్రయల్స్‌లో ఆ క్యాన్సర్ ఉన్న 33 మందిలో ఒక్కరికే గుణం కనిపించింది. ఆ ఒక్కరి కణితిని పరీక్షిస్తే, డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు పడే తప్పుల్ని దిద్దే యంత్రాంగం అందులో చెడిపోయి ఉంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే పట్టుకుని విడిగా ట్రయల్ చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు: దిద్దుబాటు చెడిన పేగు క్యాన్సర్ ఉన్న 10 మందిలో నలుగురికి కణితి తగ్గింది, దిద్దుబాటు బాగున్న 18 మందిలో ఒక్కరికీ తగ్గలేదు. మొదటి రకం కణితుల్లో సగటున 1,782 మ్యుటేషన్లు (డీఎన్‌ఏలో మిగిలిపోయిన తప్పులు), రెండో రకంలో 73. తప్పులు ఎక్కువైతే వింత ప్రోటీన్ ముక్కలు ఎక్కువవుతాయి, టి కణాలు గుర్తుపట్టడం సులువవుతుంది. క్లోమం క్యాన్సర్‌లో మ్యుటేషన్లు తక్కువ, పైగా చుట్టూ గట్టి పీచు కణజాలం, దాంతో చాలా టి కణాలు బయటే ఆగిపోతాయి. అయితే లెక్క ఇంత సూటిగానూ లేదు, మ్యుటేషన్లు పెద్దగా లేని కిడ్నీ క్యాన్సర్ కూడా ఈ మందులకు లొంగుతుంది.

ఇక మొదట బాగా తగ్గి, తర్వాత తిరగబెట్టేవాళ్ల కథ వేరు. ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 2016లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ పరిశోధకులు అలాంటి నలుగురు మెలనోమా రోగుల కణితి ముక్కల్ని, మందుకు ముందువీ తిరగబెట్టాక తీసినవీ, పక్కపక్కన పెట్టి చూశారు. ఇద్దరిలో ఒకరికి జాక్1, ఇంకొకరికి జాక్2 జన్యువు పాడైంది, అంటే టి కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ సంకేతం ఇక క్యాన్సర్ కణానికి చెవికెక్కదు. మూడో రోగిలో బీ2ఎం అనే ప్రోటీన్ పోయింది. కణం లోపలి ప్రోటీన్ ముక్కల్ని బయట ఎత్తి చూపించే చట్రం నిలబడాలంటే అది కావాలి, అది లేకపోతే టి కణం పక్కనే ఉన్నా దానికి కనిపించేదేమీ ఉండదు. నాలుగో రోగి కణితిలో మాత్రం అలాంటి కారణమేదీ దొరకలేదు.