క్రూయిజ్ ఓడల బాహ్యరూపం: అపోహలు - వాస్తవాలు

కొత్త క్రూయిజ్ ఓడ మొదటి చిత్రం విడుదలైన రోజునే దాని అందచందాల మీద తీర్పులు వెలువడతాయి. పాత లైనర్ల (నిర్ణీత మార్గాల్లో సముద్రాలు దాటే ప్రయాణికుల ఓడల) హుందాతనం ఏదని కొందరు నిట్టూరుస్తారు, అపార్ట్‌మెంట్లను తెచ్చి నీళ్ల మీద పెట్టారని మరికొందరు వెక్కిరిస్తారు. ఓడల బాహ్యరూపం మీద పనిచేసే మేము ఈ విమర్శల్లో చాలావాటిని కాదనలేం. అయితే సబబైన విమర్శ కూడా తరచుగా తప్పు కారణాన్ని పట్టుకుని నిలబడుతుంది. ఓడ బయటి ఆకారంలో అధిక భాగం డిజైనర్ పెన్సిల్ పట్టకముందే ఖరారైపోతుంది. క్యాబిన్ల సంఖ్య, రేవుల లోతు, వంతెనల ఎత్తు, ప్రాణరక్షణ నిబంధనలు దాన్ని నిర్ణయిస్తాయి. మా చేతికి మిగిలేవి ముందు వాలు, పొగగొట్టం, వెనుక భాగపు ముగింపు, బాల్కనీల వరుస, రంగు. ఓడ చూడముచ్చటగా ఉందా, ఎబ్బెట్టుగా ఉందా అన్నది ఆ మిగిలిన కొంచెంలోనే తేలుతుంది.

అపోహ: అంత ఎత్తున పేర్చిన ఓడ పైబరువుకు ఒరిగిపోతుంది.

వాస్తవం: కంటికి కనిపించే ఎత్తు వేరు, బరువు వేరు. ఇంజన్లు, ఇంధనం, మంచినీటి ట్యాంకులు అన్నీ అడుగు డెక్కులలో ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ ఉక్కు రేకు పలచబడుతుంది, అవసరమైన చోట అల్యూమినియం వాడతారు. పత్రికల్లో ఓడ పరిమాణంగా వచ్చే గ్రాస్ టన్నేజీ ఈ అపోహను మరింత పెంచుతుంది, ఎందుకంటే చాలామంది దాన్ని బరువనుకుంటారు. నిజానికి అది ఓడలో మూసి ఉన్న మొత్తం జాగాను బట్టి లెక్కగట్టే సంఖ్య. టైటానిక్ టన్నేజీ 46,328 కాగా, దాని అసలు బరువు 52 వేల టన్నులకు పైమాటే. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ టన్నేజీ 2,25,282 కాగా, దాని బరువు సుమారు లక్ష టన్నులు మాత్రమే. పాత కొలతకూ 1969 నాటి అంతర్జాతీయ ఒప్పందం తెచ్చిన కొత్త కొలతకూ తేడా ఉన్నా, సారాంశం మారదు: అంతే జాగాకు నేటి ఓడ మోసే లోహం చాలా తక్కువ.

అసలు నిలకడ వెడల్పు నుంచి వస్తుంది. టైటానిక్ వెడల్పు 28 మీటర్లు, నీటిలో మునిగే లోతు దాదాపు పదిన్నర మీటర్లు. ఒయాసిస్ నీటిమట్టం దగ్గర 47 మీటర్ల వెడల్పుతో ఉండి, 9.3 మీటర్ల లోతుకే మునుగుతుంది. నీటిమట్టం దగ్గరి ఆకారం ఇచ్చే నిలకడ వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఈ తేడా చిత్రంలో కనిపించే దానికన్నా ఎంతో పెద్దది. మాకు ఎదురయ్యే చిక్కు చాలాసార్లు దీనికి విరుద్ధంగా ఉంటుంది. నిలకడ మరీ ఎక్కువైతే ఓడ అలకు వంగిన మరుక్షణం విసురుగా లేస్తుంది, ఆ కుదుపు ప్రయాణికులకు నెమ్మదైన ఊగిసలాటకన్నా ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది. కాబట్టి కావలసినంత నిలకడనే ఉంచి, మిగతాది నీటి అడుగున రెక్కల్లా చాచుకునే స్టెబిలైజర్లకు అప్పగిస్తారు.

ఎత్తైన పక్కల వల్ల నిజంగా వచ్చే ఇబ్బంది గాలి. నెమ్మదిగా రేవులోకి వచ్చే వేళ పక్కగాలి ఆ గోడంత వైశాల్యాన్ని తెరచాపలా నెడుతుంది. దాన్ని తట్టుకోవడానికి ముందు భాగంలో అడ్డంగా తోసే థ్రస్టర్లు, వెనుక ఎటైనా తిరిగే ప్రొపెల్లర్ పాడ్లు అమరుస్తారు. గాలి మరీ ఎక్కువైతే ఓడను లాగే టగ్గు పడవలను పిలుస్తారు, లేదా ఆ రేవును వదిలేసి ముందుకు సాగుతారు.

అపోహ: నకిలీ పొగగొట్టాలు ఈ కాలపు ఆడంబరం. పాత ఓడల్లో ప్రతిదీ పనికొచ్చేదే.

వాస్తవం: టైటానిక్ నాలుగో పొగగొట్టంలోంచి బాయిలర్ల పొగ వచ్చేది కాదు, దాన్ని ప్రధానంగా లోపలి గాలి ప్రసరణ కోసం వాడారు. నాలుగు గొట్టాలుంటే ఓడ వేగవంతమైనదని, బలమైనదని ప్రయాణికులు నమ్మే రోజులవి. 1935లో తొలి ప్రయాణం చేసిన నార్మండీని ఓడల్లో అందగత్తె అని ఈనాటికీ చెప్పుకుంటారు, దాని మూడో పొగగొట్టమూ అలంకారమే. 1998లో వచ్చిన డిస్నీ మ్యాజిక్ రెండు గొట్టాల్లో ముందుది ఉత్తుత్తిదే. అది పాత లైనర్ల సమతూకాన్ని గుర్తుచేయడానికి కావాలని పెట్టినది.

నిజంగా పనిచేసే పొగగొట్టాన్ని గీయడం మాత్రం మా పనిలో అన్నిటికన్నా తలనొప్పి వ్యవహారం. ఓడ నమూనాను గాలి సొరంగంలో పెట్టి, గొట్టం నుంచి తెల్లటి పొగ వదిలి, గాలి దిశను కొద్దికొద్దిగా మారుస్తూ చూస్తారు. ఎదురుగాలిలో పొగ చక్కగా వెనక్కి సాగిపోతుంది. గాలి ఏటవాలుగా ముందు మూల నుంచి తగలగానే, డెక్కుల వెనుక ఏర్పడే సుడి ఆ పొగను కిందికి లాగి, సరిగ్గా వెనుక ఈతకొలను మీద పరుస్తుంది. కాగితం మీద ఎంతో సొగసుగా ఉన్న పొట్టి గొట్టాలు చాలావరకు ఈ పరీక్షలోనే ఓడిపోతాయి. ఎత్తు పెంచుదామంటే వంతెనలు అడ్డు. ఫిన్లండ్‌లో కట్టిన ఒయాసిస్ బయటి సముద్రానికి వెళ్లాలంటే డెన్మార్క్‌లో 65 మీటర్ల ఖాళీ ఉన్న గ్రేట్ బెల్ట్ వంతెన కింద దూరాలి. అందుకే దాని గొట్టాలను లోపలికి ముడుచుకునేలా చేశారు. క్వీన్ మేరీ 2 లైనరు గొట్టం పొట్టిగా ఉందని బాధపడేవారు న్యూయార్క్ ముంగిట ఉన్న వెరజానో వంతెనను తప్పుపట్టాలి.

ఈ చిక్కుకు ఆకారంతోనే జవాబు చెప్పినవారూ ఉన్నారు. 1960ల తొలినాళ్ల 'ఫ్రాన్స్' అనే ఓడలో గొట్టాలకు రెండు వైపులా రెక్కలు పెట్టి పొగను పక్కలకు పంపారు. 1980ల తొలినాళ్లలో కార్నివాల్ క్రూయిజ్ సంస్థ వారి ట్రోపికాల్ ఓడ కోసం జో ఫార్కస్ గీసిన తోకరెక్కల గొట్టం కూడా అదే సూత్రాన్ని అనుసరించింది, తరువాత ఆ సంస్థకు గుర్తింపు చిహ్నంగా నిలిచిపోయింది. దాన్ని విమానం తోక అంటూ నవ్వేవారున్నారు కానీ, పనినీ గుర్తింపునూ ఒకే గీతలో ఇమిడ్చిన రూపకల్పనగా నేను దానికి చాలా మార్కులు వేస్తాను. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం 0.5 శాతానికి మించరాదన్న నిబంధన వచ్చాక, పొగలోని గంధకాన్ని కడిగే స్క్రబ్బర్లను చాలా పాత ఓడల గొట్టాల్లో ఇరికించవలసి వచ్చింది. ఒక పక్క బుడిపెలా ఉబ్బిన గొట్టం కనిపిస్తే కారణం చాలావరకు అదే. దానికి అందంగా తొడుగు వేయడానికి బడ్జెట్ ఉండదు.

అపోహ: కత్తిలా ముందుకు వాలిన ముక్కు ఉంటేనే ఓడ వేగంగా వెళుతుంది. నిట్టనిలువు ముక్కు మోటుదనం.

వాస్తవం: నీటి నిరోధాన్ని ప్రధానంగా శాసించేది నీటిలో ఉన్న భాగం. ఓడ మొత్తం పొడవుకు హద్దు ఉన్నప్పుడు ముక్కును నిలువుగా నిలబెడితే నీటిగీత (నీటి ఉపరితలం ఓడను తాకే గీత) పొడవు పెరుగుతుంది, అది ఇంధనం ఆదాకు మేలు చేస్తుంది. 2018 నాటి సెలబ్రిటీ ఎడ్జ్, 2022 నాటి ఎంఎస్‌సీ వరల్డ్ యూరోపా ముక్కులను ఈ దృష్టితో చూడాలి. పైన వాలు, విప్పారిన పక్కలు ఎగసిపడే అలలను డెక్కు నుంచి దూరంగా విసరడానికి పనికొస్తాయి, ఉత్తర అట్లాంటిక్‌ను వేగంగా దాటే లైనరుకు అది అత్యవసరం. తుపానును చూసి దారి మార్చుకోగల సెలవుల ఓడకు అంత అవసరం లేదు.

అపోహ: నారింజ రంగు లైఫ్‌బోట్లను నడుముకు వేలాడదీసి ఓడ గీతను పాడుచేశారు.

వాస్తవం: ఆ స్థానం, ఆ రంగు మేము ఎంచుకున్నవి కావు. టైటానిక్ ప్రమాదం తర్వాత 1914లో మొదలైన సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ) ఒప్పందం కాలక్రమంలో పెరుగుతూ వచ్చింది. దాని ప్రకారం లైఫ్‌బోట్లు నీటిమట్టానికి దాదాపు 15 మీటర్లకు మించని ఎత్తులో ఉండాలి. పడవలను అలా కిందికి దించి పక్కగోడలోనే గూడు కట్టిన తొలి పెద్ద ఓడల్లో 1961 నాటి కాన్‌బెరా ఒకటి. ఒయాసిస్ తరగతి ఓడలో ఒక్కో పడవ 370 మందిని మోస్తుంది. అంత పెద్ద పడవలను బారుగా వేలాడదీసేసరికి ఓడ నడుము పొడవునా ఒక నల్లటి గాడి పడుతుంది, దాని మీదికి బాల్కనీల అంతస్తులు చొచ్చుకు వస్తాయి. ఆ గాడిని దాచడానికి ప్రయత్నించిన ఓడలకన్నా, దాన్నే కింది భాగానికీ పై భాగానికీ సరిహద్దుగా స్పష్టంగా చూపించిన ఓడలే నా కంటికి నయంగా కనిపిస్తాయి.

మినహాయింపులు లేకపోలేదు. డిస్నీ సంస్థ అనుమతి తెచ్చుకుని పడవలకు పసుపు రంగు వేయించింది. క్వీన్ మేరీ 2 రూపశిల్పి స్టీఫెన్ పేన్ అట్లాంటిక్ అలల దెబ్బను చూపి, ఓడ రూపాన్నీ దృష్టిలో పెట్టుకుని, పడవలను దాదాపు 25 మీటర్ల ఎత్తున పెట్టడానికి మినహాయింపు సాధించాడు. అన్ని ఓడలనూ అలాగే కట్టవచ్చు కదా అని అడిగేవారికి జవాబు కూడా ఆ ఓడలోనే ఉంది. సుమారు 30 నాట్ల (గంటకు దాదాపు 55 కిలోమీటర్ల) వేగం, మందమైన ఉక్కు, పొడవాటి ముందు డెక్కు, క్యాబిన్లు పెట్టగలిగీ వదిలేసిన చోటు, వీటన్నిటి ఖర్చూ టిక్కెట్టు మీద పడుతుంది. 2004లో అది ప్రయాణికులతో తొలిసారి బయలుదేరిన నాటి నుంచి ఇప్పటిదాకా అలాంటి మరో లైనరును ఎవరూ కట్టించలేదు.

అపోహ: బాల్కనీల గోడ డిజైనర్ల ఊహాలేమికి నిదర్శనం.

వాస్తవం: 1984లో రాయల్ ప్రిన్సెస్ అన్ని క్యాబిన్లనూ సముద్రం వైపే పెట్టి, వాటిలో కొన్నిటికి బాల్కనీలు ఇచ్చింది. ప్రయాణికులు ఆ గదులకు ఎక్కువ చెల్లించడానికి సిద్ధపడ్డారు. ఆ తర్వాత ఏ సంస్థా వెనక్కి చూడలేదు. క్యాబిన్లు ఫ్యాక్టరీలో ఒకే కొలతతో తయారై వచ్చి డెక్కుల్లో అమరుతాయి కనుక, పాత లైనర్ల డెక్కులకు ముందూ వెనకా ఉండే ఒయ్యారపు వంపును కూడా వదులుకోవలసి వచ్చింది. ఈ నష్టం నన్నూ బాధిస్తుంది, దాన్ని కాదనడం లేదు.

బాల్కనీ అడ్డుతెరలు ఇంత సాదాగా ఎందుకున్నాయో కూడా చెప్పాలి. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ బాల్కనీల్లో మంటలు చెలరేగి, ప్లాస్టిక్ అడ్డుతెరల గుండా ఒక గది నుంచి మరో గదికి వేగంగా పాకాయి. దాని తరువాత అడ్డుతెరలు మండని పదార్థంతోనే ఉండాలన్న నియమం వచ్చింది. మాకు మిగిలిన స్వేచ్ఛ ఆ వరుసను ఎక్కడ తెంచాలి, ఎక్కడ కొంచెం ముందుకు వంచాలి అన్నదాంట్లో ఉంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల మలుపు ఇచ్చినా ఆ పొడవాటి గోడకు ఊపిరి వస్తుంది. చాలా ఓడల్లో ఆ మాత్రం కూడా చేయరు, అక్కడ ఊహాలేమి అన్న మాట చెల్లుతుంది.

అపోహ: వాస్తుశిల్పులు రాకపోవడం వల్లే ఓడలు ఇలా ఉన్నాయి.

వాస్తవం: వచ్చారు. రెంజో పియానో 1990 నాటి క్రౌన్ ప్రిన్సెస్‌కు డాల్ఫిన్ తలను తలపించే ముందు భాగాన్ని గీశాడు. దుబాయ్‌లోని బుర్జ్ అల్ అరబ్ హోటల్ రూపశిల్పి టామ్ రైట్ సెలబ్రిటీ ఎడ్జ్ మీద పనిచేశాడు. దాని పక్కన డెక్కుల మధ్య పైకీ కిందికీ కదిలే నారింజ రంగు వేదికను చూసి పెదవి విరిచినవారున్నా, బాల్కనీల గోడను ఆ ఒక్క గీత ఎంత బాగా విడగొట్టిందో చూడాలి. అసలు లోపం ఎవరు వచ్చారన్నది కాదు, ఎప్పుడు పిలిచారన్నది. గదుల లెక్క తేలి, ఓడ కట్టే యార్డు ఉక్కు బ్లాకుల విభజన ముగించాక పిలిస్తే రంగు వేయడం తప్ప చేయగలిగింది ఉండదు. 2010 నాటి నార్వేజియన్ ఎపిక్ నుదుటి మీద పెట్టెలా నిలిచిన అంతస్తులను చూసినప్పుడల్లా, పైన ఖరీదైన సూట్ గదులు కావాలన్న కోరికను గీతలోకి కలుపుకోవడానికి సమయం చిక్కలేదేమో అనిపిస్తుంది. పేరు మోసిన శిల్పి గీతకూ ఇబ్బందులుంటాయి. ఎంత అందమైన వంపు అయినా దాని లోపలి చోటు దేనికో ఒకదానికి పనికిరావాలి.

అపోహ: ఓడ పక్కల మీద బొమ్మలు గీయడం వల్ల వేగం తగ్గుతుంది.

వాస్తవం: బొమ్మలు నీటిగీతకు పైన ఉంటాయి, వేగాన్ని దెబ్బతీసేది నీటి అడుగున పేరుకునే నాచు, గుల్లలు. 1996 నుంచి జర్మనీ మార్కెట్‌కు చెందిన ఐదా సంస్థ ఓడల ముక్కు మీద కనిపించే ఎర్రటి పెదవులు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు, ఇంధనానికి మాత్రం వాటితో సంబంధం లేదు. తెలుపు రంగు ఎండ వేడిని తిప్పికొడుతుంది కానీ తుప్పు చారలను దాచదు. ముదురు రంగును ఒక డెక్కు పైదాకా తీసుకెళితే ఓడ ఎత్తు తగ్గినట్టు కనిపిస్తుంది, మాకు దొరికే ఉపాయాల్లో అన్నిటికన్నా చవకైనది ఇదే.

అపోహ: ఓడ ఒకసారి నీళ్లలోకి దిగాక దాని రూపం ఇక మారదు.

వాస్తవం: 1998 నాటి గ్రాండ్ ప్రిన్సెస్ వెనుక భాగాన ఎత్తున, సూపర్‌మార్కెట్ బండి పిడిలా నిలిచిన నైట్‌క్లబ్బును 2011లో కోసి తీసేశారు. ఓడ చూపుకు కుదుటపడింది, వెనుక పైభాగాన బరువూ తగ్గింది. ఫ్రాన్స్ ఓడ నార్వేగా మారిన తరువాత 1990లో దాని నెత్తిన మరో రెండు డెక్కులు కట్టారు, సముద్రయాన చరిత్రలోనే అరుదైన ఒక పార్శ్వరేఖ అప్పటితో చెడిపోయిందని నా అభిప్రాయం. 2005లో ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ది సీస్‌ను నడిమికి రెండుగా కోసి 22 మీటర్ల కొత్త ముక్కను అతికించారు. ఎత్తు పెద్దగా మారకుండా పొడవు పెరిగింది కనుక ఆ ఓడ మునుపటికన్నా తీరుగా కనిపించింది. క్యాబిన్లు పెంచాలని వచ్చే యజమానికి మేము ముందుగా పైకి కట్టవద్దు, మధ్యలో కోయించండి అని చెప్పడానికి కారణం ఇదే. పైకి కట్టడం మొదట్లో చవకగా కనిపిస్తుంది కాబట్టి ఆ సలహా ప్రతిసారీ చెల్లదు.