పట్టపగటి రాత్రులు, ముసుగు వీరులు: పాత మెక్సికన్ హారర్ సినిమాల మీద అపోహలు - వాస్తవాలు

నేను చేసేది పాత సినిమాల రెస్టరేషన్. రీలు స్కాన్ అయ్యాక నా దగ్గరికొస్తుంది. గీతలు తీసేయడం, ఊగే ఫ్రేమును నిలబెట్టడం, వెలుగునీడలు సరిచూడటం నా వంతు. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఏదో ఒక పాత సినిమాల పిచ్చి పట్టుకోవడం మామూలే. నాకు పట్టుకున్నది 1950, 60 దశకాల మెక్సికన్ దయ్యాల సినిమాలు. వెండి ముసుగు వేసుకున్న వస్తాదు రక్తపిశాచులతో కుస్తీ పట్టే ఫొటోలు మీమ్స్‌లో చూసే ఉంటారు. ఆ బాపతువే.

వీటి పేరెత్తితే చాలు, "భలే చెత్తగా ఉంటాయి, అందుకే బాగుంటాయి" అంటారు. చెత్తవి లేవని నేననను. బోలెడున్నాయి. కాకపోతే ఆ వింతలో తీసినవాళ్లు పెట్టింది ఎంత, చేతులు మారుతూ వచ్చేసరికి అంటుకున్నది ఎంత అన్నది ఎవరూ చూడరు. నా పనంతా ఆ రెండింటినీ వేరు చేయడమే కాబట్టి నాలుగు మాటలు చెప్తాను.

అపోహ: ఇవన్నీ హాలీవుడ్ డ్రాక్యులాకి చవక నకళ్లు.

నకలు కొట్టారు, దాపరికం లేదు. యూనివర్సల్ స్టూడియో వాళ్ల పొగమంచు, సాలెగూళ్లు, నల్ల కోటు అన్నీ తెచ్చుకున్నారు. తెచ్చుకుని ఏం చేశారన్నది చూడాలి. ఫెర్నాండో మెండెస్ 1957లో తీసిన 'ఎల్ వాంపిరో'లో పిశాచి ఉండేది ఏ యూరప్ కోటలోనో కాదు, పాడుబడ్డ మెక్సికన్ జమీందారీ లోగిలిలో. హంగేరీ మట్టి నింపిన పెట్టె పల్లెటూరి రైలు స్టేషన్లో దిగుతుంది. పిశాచి పేరు లావుద్, ఊళ్లో చెప్పుకునే పేరు దువాల్. ఇంగ్లీషులో Lavud అని రాసి అక్షరాలు తిరగేసి చదువుకోండి. హెర్మాన్ రోబ్లెస్ ఆ వేషంలో కోరలు బయటపెట్టి నవ్వుతాడు. 1931 డ్రాక్యులాలో బేలా లుగోసీ కోరలు ఒక్కసారి కూడా కనపడవు. కోరల డ్రాక్యులా అనగానే మనకి గుర్తొచ్చే ఇంగ్లండ్ హామర్ కంపెనీ సినిమా 1958లో వచ్చింది, అంటే దీని తర్వాత. సెట్లు వేసింది గుంథర్ గెర్సో, మెక్సికోలో పేరున్న చిత్రకారుడు. ఆ లోగిలి నడవాలో మెట్ల మీద పడే నీడలు చూస్తే ఆ చెయ్యి తెలుస్తుంది.

అంతకుముందే, 1933లో, రమోన్ పెయోన్ 'లా యోరోనా' తీశాడు. పిల్లల్ని పోగొట్టుకుని రాత్రిళ్లు ఏడుస్తూ తిరిగే ఆడమనిషి కథ. ఆ దేశంలో తరతరాలుగా పిల్లల్ని భయపెట్టడానికి చెప్పుకునేది. అరువు సరుకు కాదు.

పనిలోపనిగా ఇంకోటి. 1931 నాటి స్పానిష్ డ్రాక్యులాను మెక్సికన్ సినిమా అనేస్తుంటారు. కాదు. అది హాలీవుడ్‌లోనే, ఇంగ్లీషు డ్రాక్యులా సెట్ల మీదే, వాళ్లు పగలు షూటింగ్ చేసుకుని వెళ్లాక రాత్రిళ్లు తీశారు. అందులో హీరోయిన్ లుపీతా తొవార్ లాంటి కొందరు నటులు మెక్సికన్లు, అంతే.

అపోహ: మసక బొమ్మ, తిక్క డైలాగులు, పగటిపూట తిరిగే పిశాచులు... అలాగే తీశారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ముందు పగటి పిశాచి సంగతి. ఆ రోజుల్లో రాత్రి సీన్లు చాలావరకు పగలే తీసేవాళ్లు. ఎండలో లెన్సుకి ఎర్ర ఫిల్టరు పెడితే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద నీలాకాశం నల్లబడుతుంది. దానికి తోడు ఎక్స్‌పోజర్ తగ్గిస్తారు. ల్యాబ్‌లో ప్రింటు వేసేటప్పుడు ఇంకాస్త చీకటి చేస్తారు. అప్పుడు ఆ నీడలు వెన్నెల నీడల్లా కనపడతాయి. ఈ మూడో మెట్టు నెగెటివ్‌లో ఉండదు, ప్రింటులోనే ఉంటుంది. ఎవరో హడావుడిగా టేపుకి ఎక్కిస్తూ "అరే, బొమ్మ చీకటిగా ఉంది" అని వెలుతురు పెంచేస్తారు. ఇంకేముంది, మిట్టమధ్యాహ్నం, నేల మీద కరుకు నీడ, దాని పక్కన కోటు విప్పార్చుకుని నడుస్తున్న పిశాచి. చూసినవాడు పగలబడి నవ్వుతాడు. అది కెమెరామన్ తప్పు కాదు, టేపు చేసినవాడి తప్పు. గ్రేడింగ్‌లో, అంటే వెలుగునీడలు సరిచేసేటప్పుడు, అలాంటి షాటు తగిలితే ముందు ఆకాశం చూస్తాను. ఆకాశం అసహజంగా నల్లగా, మనిషి ముఖం మామూలుగా ఉంటే అది రాత్రేనని అర్థం. మళ్లీ కిందికి దించితే చాలు, నవ్వు పోయి భయం తిరిగొస్తుంది. వెలుతురు పెంచినప్పుడు బయటపడే, బొమ్మ గబ్బిలాన్ని ఆడించే తీగ కూడా దాంతోపాటే మాయమవుతుంది.

ఇక మసక. ఈ సినిమాలు బయటి ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా అమెరికా టీవీ కోసం చేసిన 16 ఎంఎం ప్రింట్ల వల్ల. నెగెటివ్ నుంచి డ్యూప్ (నకలు నెగెటివ్), డ్యూప్ నుంచి ప్రింటు, ప్రింటు నుంచి చిన్న సైజు ప్రింటు, అందులోంచి వీడియో టేపు. ప్రతి మెట్టు దగ్గరా కాంట్రాస్ట్ పెరుగుతుంది, నీడల్లో ఉన్న వివరం పోతుంది. గోడ మీద దీపం వెలుగు పడే తీరు కెమెరామన్ పూటంతా కూర్చుని అమర్చుకుని ఉంటాడు. మనకి మిగిలేది నల్ల మరక.

డైలాగుల విషయానికొస్తే, కె. గోర్డన్ ముర్రే అని ఫ్లోరిడాలో ఒక వ్యాపారి ఉండేవాడు. 1960 ప్రాంతాల్లో మెక్సికన్ పిల్లల సినిమాలు, దయ్యాల సినిమాలు గుత్తగా కొని కోరల్ గేబుల్స్‌లో ఇంగ్లీషు డబ్బింగ్ చెప్పించాడు. పెదాలకి మాట అతకాలి కాబట్టి వాక్యం ఎటో మొదలై ఎటో తేలుతుంది. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన మనకి ఈ బాధ ఒకరు చెప్పాలా? స్పానిష్‌లో మర్యాదగా, కాస్త నాటకంగా ఉండే మాట ఇంగ్లీషులో పిచ్చి ప్రేలాపన అయింది. మొదట్లో చెప్పిన వెండి ముసుగు వస్తాదు సాంతో పేరు సైతం సామ్సన్‌గా మారిపోయింది. ముర్రేని తిట్టిపోయడానికి మాత్రం నాకు మనసొప్పదు. ఆయన కొనకపోతే ఆ దేశం బయట వీటిని చూసే నాథుడే ఉండేవాడు కాదు.

అపోహ: నవ్వు తెప్పిస్తున్నామని వాళ్లకే తెలీదు.

కొన్ని చోట్ల నిజంగానే తెలీదు. కొన్ని చోట్ల మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

1960లో వచ్చిన 'లా నావె దె లోస్ మోన్స్‌త్రువోస్' చూడండి. శుక్రగ్రహంలో మగవాళ్లు పోయారు. ఇద్దరు ఆడవాళ్లు రాకెట్ వేసుకుని గ్రహగ్రహానా మగజాతి నమూనాలు పోగేసుకుంటూ ఉత్తర మెక్సికోలో దిగుతారు. అక్కడ తగిలేది కోతలరాయుడైన ఒక పాటగాడు. ఆ వేషం వేసిన ఎవులాలియో గోన్సాలెస్‌ని అక్కడ పిపొర్రో అని ముద్దుగా పిలుచుకునేవారు. చివరికి వాళ్ల రోబో ఒక జూక్‌బాక్స్‌ని ప్రేమిస్తుంది. ఇది పొరపాటున జరిగే పని కాదు కదా! పల్లె పాట, హాస్యం, రాక్షసులు ఒకే టికెట్టుకి ఇవ్వాలని కూర్చుని రాసుకున్నారు. విఠలాచార్య సినిమాలకి వెళ్లినవాళ్లు పుర్రె మాట్లాడితే లాజిక్ అడిగేవాళ్లా?

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చానో ఉరుఎతా తీసిన 'ఎల్ బరోన్ దెల్ తెర్రోర్', 1962. 1661లో ఇంక్విజిషన్ (మతద్రోహుల్ని విచారించే చర్చి కోర్టు) వాళ్లు ఒక బేరన్‌ని, అంటే ప్రభువుని, సజీవ దహనం చేస్తారు. మీ వారసుల పని పడతానని శపించి పోతాడు. మూడు వందల ఏళ్లకి తోకచుక్కతోపాటు దిగొస్తాడు. కోపమొస్తే ముఖం జుట్టుమొలిచిన సంచిలా ఉబ్బి, చీలిన నాలుక బారెడు బయటికొచ్చి మనుషుల మెదళ్లు జుర్రుకుంటుంది. ఆ ముసుగు ఎంత మొరటుగా ఉంటుందంటే, ఏ రెస్టరేషనూ దాన్ని కాపాడలేదు, కాపాడాల్సిన పనీ లేదు. అసలు చూడాల్సింది విందు సీను. ఇంటినిండా అతిథులు. బేరన్ నవ్వుతూ పలకరిస్తాడు, మధ్యలో పక్కకి జరిగి పెట్టె తెరిచి, గిన్నెలో దాచుకున్న మెదడు స్పూనుతో ఓ ముక్క నోట్లో వేసుకుని, మూతి తుడుచుకుని మళ్లీ మర్యాదలకి వచ్చేస్తాడు. ఆ వేషం వేసిందీ నిర్మాతా ఒక్కరే, అబెల్ సలసార్. 'ఎల్ వాంపిరో' నిర్మాత కూడా ఆయనే. ఆ మర్యాదస్తుడి ముఖంలో ఉన్న ఆబ చూశాక, ఈ మనిషికి తానేం చేస్తున్నాడో తెలియదంటే నేను నమ్మను. ఆఖర్న ఇద్దరు పోలీసులు ఫ్లేమ్‌త్రోయర్లు (మంటలు చిమ్మే ఆయుధాలు) పట్టుకుని ఎక్కడినుంచి ఊడిపడతారో మాత్రం అడక్కండి.

అపోహ: సాంతో సినిమాల్లో కథకి సంబంధం లేని కుస్తీలు ఊరికే ఇరికించారు.

ఇరికించారు. ఊరికే మాత్రం కాదు. 1950ల మధ్యలో మెక్సికోలో టీవీలో కుస్తీ ప్రసారాలు ఆపేశారు. అరీనా దాకా వెళ్లలేని జనానికి కుస్తీ చూడాలంటే మిగిలింది సినిమా హాలే. అందుకే కథ ఆపి మరీ గోదా మీద పూర్తి పోటీ చూపిస్తారు. ఆ పోటీ కోసమే టికెట్టు కొన్నవాళ్లున్నారు.

సాంతో అసలు పేరు రొదోల్ఫో గుస్మాన్ వెర్తా. 1942లో వెండి ముసుగుతో గోదాలోకి దిగాడు. 1952 నుంచి ఆయన బొమ్మల కథల పుస్తకాలు తెగ అమ్ముడుపోయాయి. సినిమాల్లోకి వచ్చింది ఆలస్యంగానే. మొదటి రెండూ 1958లో, విప్లవానికి ముందు, క్యూబాలో తీశారు. వాటి పేర్లలో సాంతో ఉన్నాడు గానీ లోపల సహాయకుడి వేషమే. 1962 నాటి 'సాంతో కోంత్రా లాస్ ముహేరెస్ వాంపిరో' వచ్చేసరికి పూర్తి కథానాయకుడు. అందులో పిశాచుల రాణిగా లొరేనా వెలాస్కెస్ నిలబడే తీరు ముందు ఆయన కుస్తీ కూడా చిన్నబోతుంది. నా అభిప్రాయం, కొట్టుకోవద్దు.

కథ ప్రతి అరగంటకీ కుదుపు తిన్నట్టు ఉండటానికి వేరే కారణముంది. అప్పట్లో సినీ కార్మికులవి రెండు యూనియన్లు. అమెరికా స్టూడియోలో పనిచేసే యూనియన్‌కి పూర్తి నిడివి చిత్రాలు తీసే హక్కు లేదు, లఘు చిత్రాలు, సీరియళ్లు మాత్రమే తీయాలి. అమెరికా అన్నది స్టూడియో పేరు, ఉన్నది మెక్సికో నగరంలోనే. దాంతో అరగంట భాగాలుగా తీసి, అతికించి సినిమాగా వదిలేవాళ్లు. నోస్త్రదామస్ అనే పిశాచి మీద వచ్చిన సినిమాలు నాలుగూ ఒకే సీరియల్‌ని కోసి కుట్టినవే. మధ్యలో హఠాత్తుగా కథ మళ్లీ మొదలైనట్టనిపిస్తే, అది దర్శకుడి మతిమరుపు కాదు, యూనియన్ నిబంధన.

సాంతో చచ్చేదాకా ముసుగు తీయలేదని కూడా అంటారు. 1984 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో ముసుగు కాస్త పైకెత్తి ముఖం చూపించాడు. ఫిబ్రవరి 5న పోయాడు. ముసుగుతోనే పాతిపెట్టారు.

అపోహ: మమ్మీలు ఈజిప్టు నుంచి అరువు.

గ్వానహ్వాతో పట్టణం వాళ్లకి ఈ మాట చెప్పి చూడండి. అప్పట్లో అక్కడ శ్మశానంలో స్థలానికి పన్ను కట్టాల్సి వచ్చేది. బంధువులు కట్టకపోతే శవాన్ని బయటికి తీసేవాళ్లు. 1865లో అలా తీసినప్పుడు, పొడి గూళ్లలో ఉన్న శవాలు కుళ్లకుండా ఎండిపోయి కనిపించాయి. ఇప్పటికీ మ్యూజియంలో ఉన్నాయి. 1972 నాటి 'లాస్ మోమియాస్ దె గ్వానహ్వాతో' ఆ ఊరి మమ్మీల మీద తీసిందే. బ్లూ డెమన్, మిల్ మాస్కరాస్ అనే ఇంకో ఇద్దరు ముసుగు వస్తాదులు సినిమా అంతా కష్టపడితే సాంతో ఆఖర్న వచ్చి పేరు కొట్టేస్తాడు.

అపోహ: పేరున్నవాళ్లెవరూ ఈ కథలు ముట్టుకోలేదు.

'మకారియో', 1960. దర్శకుడు రొబెర్తో గవల్దోన్, కెమెరా గాబ్రియేల్ ఫిగెరోవా. విదేశీ చిత్రాల విభాగంలో ఆస్కార్ నామినేషన్ దక్కిన మొదటి మెక్సికన్ సినిమా ఇదే. ఇంట్లో పిల్లల ఆకలి తీర్చలేని కట్టెలు కొట్టేవాడికి ఒకటే కోరిక, ఒక టర్కీ కోడిని ఎవరికీ పెట్టకుండా తానొక్కడే తినాలి. అడవిలో ముందు దయ్యం వచ్చి అడుగుతుంది, తర్వాత దేవుడు. ఇద్దరికీ ముక్క పెట్టడు. మూడోవాడు మృత్యువు, అతనికి సగం ఇస్తాడు. చివర్లో కకవామిల్పా గుహల్లో తీసిన సీను ఉంది. ఒక్కో మనిషి ప్రాణానికి ఒక్కో కొవ్వొత్తి, గుహంతా అవే.

కార్లోస్ ఎన్రికే తబొఆదా దారి ఇంకోటి. 1968లో ఆడపిల్లల హాస్టల్ కథ, 1969లో రాతిబొమ్మతో స్నేహం చేసే పాప కథ. ముసుగుల్లేవు, రాక్షసుల్లేవు. గాలికి కదిలే తలుపుతో పని కానిచ్చేశాడు. ఇవి ఒంటరిగా చూడకండి.

అపోహ: హాలీవుడ్ హారర్ నటుడు బోరిస్ కార్లోఫ్ ఆఖరి రోజుల్లో మెక్సికో వెళ్లి నటించాడు.

వెళ్లలేదు. ఆరోగ్యం సహకరించక ఆయన సీన్లు 1968లో లాస్ ఏంజెలెస్‌లోనే తీసి, మిగతాది మెక్సికోలో తీశారు. ఆయన చేసిన నాలుగు మెక్సికన్ సినిమాలూ అంతే.

అపోహ: అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి, ఇక పోయేదేముంది?

1982 మార్చి 24న మెక్సికో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినెతేకా తగలబడింది. వేల రీళ్లు పోయాయి. మిగిలినవాటికీ రోగముంది. అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకి చెడిపోతూ వెనిగర్ వాసన వేస్తుంది. డబ్బా మూత తీయగానే ముక్కుకి తగులుతుంది. తర్వాత రీలు కుంచించుకుపోయి, అంచులు వంకర తిరిగి, స్కానర్ పళ్ల మీద కూర్చోదు. ఇంటర్నెట్‌లో ఉన్నవి చాలావరకు ఆ పాత టేపుల నకళ్లే.

కొన్ని దొరుకుతున్నాయి కూడా. సాంతో డ్రాక్యులాతో తలపడే ఒక సినిమాకి విదేశాల కోసం రంగుల్లో, నగ్న దృశ్యాలతో ఇంకో రూపం తీశారని ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లు. పుకారనుకున్నారు చాలామంది. ఆ కాలపు నిర్మాతల కుటుంబానికి చెందిన విబియానా గార్సియా బెస్నే పాత రీళ్లలో అది బయటపడింది, 2011లో గ్వాదలహారాలో ప్రదర్శించారు. తెపోస్త్లాన్‌లో ఆమె నడిపే పెర్మనెన్సియా వొలున్తారియా ఆర్కైవ్ ఇలాంటి డబ్బాలనే కాపాడుతోంది.

మొదలుపెట్టాలనుకుంటే 'ఎల్ వాంపిరో'తో మొదలుపెట్టండి, స్పానిష్ ఆడియో, సబ్‌టైటిల్స్‌తో. తర్వాత 'మకారియో', ఆ తర్వాత బేరన్. సాంతోని నలుగురు స్నేహితులు పోగైన రోజుకి ఉంచుకోండి. రాత్రి సీనులో నేల మీద ఎండ కనపడితే టీవీ బ్రైట్‌నెస్ కాస్త తగ్గించి చూడండి.