ఆర్సీ బుక్కులో పెట్రోలు, బానెట్ కింద డీజిలు

పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి వెళ్లినవారికి రవాణా శాఖ కార్యాలయం ఆవరణలో ఎదురయ్యే మొదటి పరీక్ష బానెట్ ఎత్తడం. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన చాసిస్ నంబరు సరిపోయినా, ఇంజను మీది నంబరు ఆర్సీ బుక్కులోని దానితో కలవకపోతే పని అక్కడే నిలిచిపోతుంది. ఒకప్పుడు పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఇంజను ఎక్కించిన పాత అంబాసిడర్ల, జీపుల యజమానులకు ఈ చిక్కు కొత్తది కాదు. కాకపోతే కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగిన తరువాత దాని బరువు మరింత తెలుస్తోంది. ఇంజను మార్చినవారిని సరదారాయుళ్లుగానో చట్టాన్ని ఏమార్చినవారుగానో చూడటం ఇప్పుడు మామూలైంది గాని, ఆ అలవాటు ఎక్కడ పుట్టిందో, దానిని చట్టం ఎంతకాలం సహించిందో చూస్తే ఆ తీర్పు తొందరపాటుగా తోస్తుంది.

బండి ఒకటి, ఇంధనం మరొకటి అనే ఆలోచన మన రోడ్లకు రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే వచ్చింది. పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు బస్సుల వెనుక బొగ్గు కొలిమి బిగించి, దానిలో పుట్టిన వాయువుతో పెట్రోలు ఇంజన్లనే నడిపించారు. పాత తరం వారు చెప్పుకొనే బొగ్గు బస్సులు అవే. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న అమెరికన్ జీపులు, ట్రక్కులు వేలంలో పౌరుల చేతికి వచ్చాయి. వాటి విడిభాగాలు కొందామంటే దొరికేవి కావు కనుక మెకానిక్కులు లేత్ మిషన్ మీద తామే చేసుకున్నారు, లేదా మరో బండి భాగాన్ని తెచ్చి అతికించారు. ఆ తరువాత మద్రాసులోని సింప్సన్ సంస్థ 1950లలో పెర్కిన్స్ డీజిలు ఇంజన్ల తయారీ చేపట్టడంతో పెట్రోలు తాగే షెవర్లే, డాడ్జ్ లారీలకు డీజిలు ఇంజను ఎక్కించడం లారీ యజమానులకు మామూలు లెక్కలలో ఒకటైంది. కార్ల కంటే ముందు ఇంజను మారింది లారీలకే. కనుక లారీ బాడీలు కట్టే పనికి పేరుపొందిన విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ విద్య పాతుకుపోవడంలో వింత లేదు.

కార్ల విషయంలో అసలు కారణం కొరత. విడిభాగాలు తెచ్చి బిగించడం కాక దేశంలోనే తయారు చేసేవారికి మాత్రమే చోటన్న విధానం 1953లో వచ్చాక జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు వెళ్లిపోయాయి. మిగిలిన మూడు ప్రధాన కార్ల సంస్థలలో హిందుస్థాన్ మోటార్స్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను అంబాసిడర్‌గా, బొంబాయి ప్రీమియర్ సంస్థ ఫియట్ 1100ను తరువాతి కాలంలో పద్మినిగా తయారు చేశాయి. మద్రాసు స్టాండర్డ్ సంస్థ నుంచి హెరాల్డ్ వచ్చింది. డబ్బు కట్టినా కారు కోసం ఏళ్ల తరబడి వేచి ఉండవలసిన ఆ రోజుల్లో చేతిలో ఉన్న కారును పారేయడమన్న ఊహే ఎవరికీ వచ్చేది కాదు. పైగా అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు కనుక ఒక బండి భాగం ఇంకొక బండికి సరిపోయేది, ఒకసారి నేర్చుకున్న పని జీవితాంతం అక్కరకు వచ్చేది. ఇంజనుకు నిప్పురవ్వను అందించే పాయింట్ల మధ్య సందు సరిచేయడం, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పి దాని సన్నని రంధ్రాలు (జెట్లు) ఊదడం, బ్యాటరీ దిగితే హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేయడం, వేసవిలో పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగితే దాని మీద తడిగుడ్డ వేసి కాసేపు చెట్టు కింద కూర్చోవడం డ్రైవింగుతో పాటే వచ్చే చదువు. ఇంజను బలహీనపడితే బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్పించి మళ్లీ కొన్నేళ్లు తిప్పేవారు.

ఆ స్థితిలో 1973 చమురు సంక్షోభం పెట్రోలు ధరను ఒక్కసారిగా పైకి ఎగదోసింది. లారీలు, బస్సులు, రైతుల పంపుసెట్లు డీజిలు మీద ఆధారపడినందున ప్రభుత్వం దాని ధరను తక్కువలో ఉంచింది. ఈ వ్యత్యాసమే మార్పిడికి అసలు ఇంధనం. టాక్సీ నడిపేవారికి, రోజూ దూరాలు తిరిగే వ్యాపారులకు ఇంజను మార్చిన ఖర్చు తొందరగానే తిరిగి వచ్చేది. 1980 ప్రాంతంలో హిందుస్థాన్ మోటార్స్ స్వయంగా డీజిలు అంబాసిడర్‌ను తెచ్చాక పని మరింత సులువైంది. ఆ డీజిలు ఇంజను పెట్రోలు ఇంజను ఉన్న బి శ్రేణికే, అంటే ఒకే మూల నమూనా మీద కట్టిన ఇంజన్ల కుటుంబానికే చెందినది కనుక పాత బండిలో అది పెద్ద పేచీ లేకుండా కూర్చునేది. మహీంద్రా జీపులకు ఆ రోజుల్లోనే ప్యూజో డీజిలు ఇంజను వచ్చింది. పెట్రోలుతో నడిచే పాత విల్లీస్ జీపులు దానినో, ఇంటర్నేషనల్ ట్రాక్టరు ఇంజను వంశానికి చెందిన ఎండీఐ ఇంజనునో ఎక్కించుకున్నాయి.

వేరే సంస్థ ఇంజనైతే, ఉదాహరణకు మాటడార్ వ్యానుది అంబాసిడర్‌కు పెట్టాలంటే, అసలు పనితనం అప్పుడు బయటపడేది. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ బోల్టులు కలవవు కనుక మందపాటి ఇనుప పలకను లేత్ మీద తిప్పించి నడుమ బిగించాలి. ఆ పలక మధ్యబిందువు వెంట్రుకవాసి తప్పినా క్లచ్ ప్లేటు, గేర్‌బాక్సు బేరింగు త్వరగా పోతాయి. ఇంజను కూర్చునే మౌంటింగులు కొత్త చోట వెల్డింగు చేయాలి, శక్తిని వెనుక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోయించాలి లేదా పొడిగించాలి, రేడియేటరు పెద్దది వేయాలి. పెట్రోలు ఇంజనులో ఏడెనిమిది రెట్లుండే కంప్రెషన్ (సిలిండరులో గాలిని కుదించడం) డీజిలులో ఇరవై దాటుతుంది కనుక దానిని తిప్పడానికి బ్యాటరీ, స్టార్టరు రెండూ బలమైనవి కావాలి. ఇంజను బరువుకు ముందు భాగం కుంగితే అక్కడ స్ప్రింగుల పని చేసే టార్షన్ బార్లను సర్దాలి. డీజిలు ఇంజను అంత వేగంగా తిరగదు గనుక వెనుక ఇరుసులోని క్రౌన్ పినియన్ పళ్ల చక్రాల నిష్పత్తి మార్చకపోతే బండి ఎత్తులు బాగానే ఎక్కుతుంది గాని చదునైన రోడ్డు మీద అరుపే తప్ప వేగం ఉండదు. ఇవన్నీ చక్కగా చేసినవారు ఉన్నారు. ఇంజను మాత్రం మార్చి, పాత డ్రమ్ము బ్రేకులను, అరిగిన స్టీరింగును అలాగే వదిలేసినవారూ ఉన్నారు. అధికారుల అనుమానం పూర్తిగా నిరాధారం కాదనడానికి ఈ రెండో రకం బండ్లే సాక్ష్యం.

అయితే చట్టం మొదటి నుంచీ ఇంత కఠినంగా లేదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని మార్పు చేసిన తరువాత 14 రోజులలోగా అధికారికి తెలిపి, రుసుము కట్టి, ఆర్సీలో నమోదు చేయించుకుంటే సరిపోయేది. ముందు పని, తరువాత కాగితం. 1982లో ఎన్.టి.రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్పించుకున్నది ఆ చట్టం అమలులో ఉన్న కాలంలోనే. 1988 చట్టంలోని 52వ సెక్షన్ ఈ వరసను తిరగేసి, ముందుగా తెలిపి ఆమోదం పొందాకే మార్పు చేయాలంది. 2000లో వచ్చిన సవరణ మరొక అడుగు వేసి, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదని నిర్దేశించింది. కొలమానం యజమాని ప్రకటన నుంచి అధికారి ఆమోదానికి, అక్కడి నుంచి ఫ్యాక్టరీ కాగితానికి జరిగిందన్నమాట. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి ఇంధన మార్పిడి కిట్లకు మాత్రం షరతులతో తలుపు తెరిచి ఉంచారు. సవరణ వచ్చాక కూడా దాని అర్థం మీద వివాదాలు నడిచాయి. చివరకు 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తేల్చింది.

అప్పటికే మార్పిడికి పునాది అయిన ధరల తేడా కరిగిపోయింది. పెట్రోలు ధరపై నియంత్రణ 2010 జూన్‌లో, డీజిలు ధరపై 2014 అక్టోబరులో తొలగిపోయాయి. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిలు పెట్రోలును దాటింది కూడా. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఇంజను కంప్యూటరు చెప్పినట్లు నడిచే కార్లు వచ్చాక స్పానరు పట్టుకున్నంత మాత్రాన ఇంజను మార్చగలిగే రోజులు పోయాయి. బ్లాకు సరిపోయినా వైరింగు, సెన్సర్లు ఒప్పుకోవు. ఆ మెలకువంతా ఇప్పుడు విద్యుత్ కిట్ల వైపు మళ్లుతోంది. హైదరాబాదు సంస్థ ఇ-ట్రియో ఆల్టో, వ్యాగనార్ వంటి కార్లకు అలాంటి కిట్ తయారు చేసి పుణెలోని వాహన పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం పొందింది. అయితే ఆ ఆమోదం ఫలానా నమూనాకు ఫలానా కిట్ అన్న లెక్కన వస్తుంది గాని, వీధి చివరి షెడ్డు మేస్త్రీ చేతి పనికి రాదు.

అన్నింటికంటే విచిత్రమైన మలుపు 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 20,000 రూపాయల రుసుముతో ప్రత్యేక నమోదు కల్పిస్తూ, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగకుండా అసలు రూపంలో ఉండాలన్న షరతు పెట్టారు. 1970ల ఆరంభంలో కొన్న అంబాసిడర్లకు ఇప్పుడు ఆ వయసు వచ్చింది. వాటిని ఇన్నేళ్లూ ఇనుప సామాన్ల అంగడికి పోకుండా కాపాడినది ఏ డీజిలు ఇంజనో, ఆ గౌరవానికి అడ్డు నిలుస్తున్నదీ అదే. అందుకే, ఒకప్పుడు తూకానికి అమ్మేసిన 1489 సీసీ పెట్రోలు ఇంజను కోసం కొందరు యజమానులు ఇప్పుడు చెన్నై పుదుపేట వంటి పాత సామాన్ల బజార్లలో వెతుక్కోవలసి వస్తోంది. అది దొరికినా, దాని మీది నంబరు ఆర్సీ బుక్కులోది కాదు.