డ్యూక్ బొమ్మ, ముసలివాళ్ల టీవీ లైసెన్సు

బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ నడిచే ప్రస్తుత అధికారపత్రం (చార్టర్) గడువు 2027 చివరికి తీరిపోతుంది. ఆ సంస్థను పోషించడానికి టీవీ చూసేవాళ్లు కట్టే లైసెన్సు రుసుము ఉండాలా, ఉంటే ఎవరు కట్టాలి అన్న తగాదా బ్రిటన్‌లో మళ్లీ రాజుకుంది. 75 ఏళ్లు దాటినవాళ్లందరికీ 2000లో ఇచ్చిన ఉచిత లైసెన్సును 2020 ఆగస్టులో పెన్షన్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయం అందుకునే పేదలకే పరిమితం చేశారు. ఇలాంటి గొడవే ఒకటి 1961లో, ఒక వేలంపాటతో మొదలైంది.

వేలానికొచ్చింది వెల్లింగ్టన్ డ్యూక్ బొమ్మ. డబ్లిన్‌లో పుట్టి, 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సేనను నడిపి, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన సైనికుడాయన. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన సంగతి అందరికీ తెలిసిందే. 1812లో స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన ఆ మొహంలో నాకు విజయగర్వం కన్నా అలసటే ఎక్కువ కనిపిస్తుంది.

ఒక అమెరికన్ సంపన్నుడు దాన్ని 1,40,000 పౌండ్లకు పాడుకున్నాడు. దేశం దాటిపోతుందని గగ్గోలు పుట్టింది. వుల్ఫ్‌సన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ లక్ష ఇస్తే, మిగతా 40,000 ప్రభుత్వం భరించింది. ఇక్కడే కథ మలుపు తిరిగింది. బొమ్మకు ఖజానా తెరిచిన ప్రభుత్వం ముసలివాళ్ల దగ్గర మాత్రం టీవీకి ముక్కుపిండి వసూలు చేస్తోందన్నది న్యూకాజిల్‌కు చెందిన మాజీ బస్సు డ్రైవర్ కెంప్టన్ బంటన్ బాధ. బీబీసీ రాకుండా టీవీ మార్పించుకున్నాడు, లైసెన్సు కట్టనని జైలుకూ వెళ్లాడు.

లండన్ నేషనల్ గ్యాలరీలో బొమ్మ పెట్టిన పంతొమ్మిదో రోజున, ఆగస్టు 21న, అది మాయమైంది. తర్వాత ఉత్తరాలొచ్చాయి: అంతే సొమ్ము, 1,40,000 పౌండ్లు, పేదల లైసెన్సులకు ఇవ్వండి, బొమ్మ ఇచ్చేస్తాం. ప్రజల ఆస్తిని దాచి బేరమాడటం ఏమిటన్నది అధికారుల మాట. డబ్బు రాలేదు. 1965లో బర్మింగ్‌హామ్ స్టేషన్ లగేజీ ఆఫీసులో బొమ్మ దొరికింది, కొన్ని వారాలకు బంటనే లొంగిపోయాడు.

బొమ్మను ఉంచుకోవాలన్న ఉద్దేశం తనకెన్నడూ లేదన్న అతని మాటను జ్యూరీ నమ్మింది. బొమ్మ దొంగతనం అభియోగం నిలవలేదని తేల్చింది. తిరిగి రాని ఫ్రేము ఒక్కదానికే మూడు నెలల శిక్ష పడింది. ఆ తీర్పుతో బయటపడ్డ లొసుగును 1968 దొంగతనాల చట్టంలో పూడ్చారు: ప్రదర్శనలోని వస్తువును అనుమతి లేకుండా తీసుకెళ్లడమే ఇప్పుడు నేరం.

బొమ్మను గ్యాలరీ నుంచి తెచ్చింది నిజానికి బంటన్ కొడుకని, అతను 1969లోనే పోలీసుల ముందు ఒప్పుకున్నాడని 2012లో విడుదలైన ప్రభుత్వ ఫైళ్లు బయటపెట్టాయి. తండ్రి ఆ శిక్షను నోరు మెదపకుండా అనుభవించాడు. ఫ్రేము మాత్రం మళ్లీ ఎవరికీ దొరకలేదు.