ఆకలి కాకపోవడం వెనుక మూడు శతాబ్దాల కథ

హనుమకొండ హాస్టల్ నుంచి దసరా సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల, సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది కూడా ముట్టకపోతే ఇంట్లో ముందు దిష్టి తీస్తారు. తర్వాత కామెర్లన్న అనుమానం, ఆపైన టైఫాయిడ్, అల్సర్. ఎండోస్కోపీ నార్మల్ వస్తుంది. "అన్నం పోతలేదమ్మా, కడుపుల ఒత్తినట్టు ఐతుంది" అని పిల్ల అంటూనే ఉంటుంది. సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయేసరికి నెలసరి ఆగిపోయి, జుట్టు ఊడిపోతుంటుంది. దీని పేరు అనొరెక్సియా, అంటే మనసు కారణంగా తిండి తగ్గించుకుని ప్రమాదకరంగా చిక్కిపోయే జబ్బు.

తప్పంతా కన్నవాళ్ల మీద వేయడం అన్యాయం. వైద్య గ్రంథాల్లోనే ఇలాంటి పిల్లలకు చాలాకాలం సరైన చోటు లేదు.

1689లో లండన్ వైద్యుడు రిచర్డ్ మోర్టన్, క్షయ లేకుండానే చిక్కి శల్యమైన యువతి గురించి రాసి, మనోవ్యథే కారణమన్నాడు. 1873లో మరో లండన్ వైద్యుడు విలియం గల్ ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టాడు. అదే ఏడు పారిస్‌లో వైద్యుడు లాసెగ్ వర్ణించిన అమ్మాయిలు తిన్నాక కడుపులో ఇబ్బందని చెబుతూ తిండి తగ్గించుకుంటూ పోయినవాళ్లు. ఇంటివాళ్లు బతిమాలడం, బెదిరించడం కూడా ఆయన రాశాడు. మన ఇళ్లలో జరిగేదీ అదే కదా!

లావవుతామన్న భయం ప్రధాన లక్షణమైంది 20వ శతాబ్దంలో. మానసిక జబ్బులను నిర్ధారించే 1980 నాటి అమెరికన్ వర్గీకరణ దాన్ని తప్పనిసరి చేసింది. దాంతో కడుపుల ఒత్తినట్టు ఉందనే పిల్లలు ఆ లెక్కలో ఇమడలేదు. ఆ భయం లేకుండానే ఎండిపోతున్న రోగుల గురించి 1990లలో హాంకాంగ్ వైద్యుడు సింగ్ లీ గట్టిగా రాశాడు. 2013లో ఆ వర్గీకరణలో భయం ఉండాలన్న నిబంధన సడలింది, నెలసరి ఆగాలన్న షరతూ పోయింది. 

చికిత్సా మారింది. రోగిని ఇంటివాళ్లకు దూరంగా ఉంచాలన్నాడు గల్. 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ మానసిక వైద్యశాల వైద్యులు తల్లిదండ్రుల చేతనే తినిపించడం మొదలుపెట్టారు. టీనేజీ పిల్లలకు నేడు ముందుగా సూచించేది ఈ పద్ధతే. మన కుటుంబాలకు ఇది బాగా నప్పుతుందని నా నమ్మకం.

ఒక్క హెచ్చరిక. రెండో ప్రపంచయుద్ధంలో విడుదలైన బందీల్లో కొందరు, ఆకలితో మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి అందడంతో ప్రాణాలు కోల్పోయారు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోవడమే కారణం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఎక్కించే గ్లూకోజ్ సీసా కూడా అంత పని చేయగలదు. బాగా చిక్కిన పిల్లకు ముందు రక్తపరీక్షలు చేయించాలి, థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి, ఆ తర్వాతే డాక్టరు పర్యవేక్షణలో తిండి కొద్దికొద్దిగా పెంచాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.